చందా పుస్తకంలో లేని పేర్లు

ప్రొద్దుటూరు అనగానే చాలామందికి కడప జిల్లా, బంగారం కొట్లు గుర్తుకొస్తాయి. మేం చెప్పేది ఆ ప్రొద్దుటూరు కాదు. రంగారెడ్డి జిల్లా శంకర్‌పల్లి మండలంలో ఉన్నది. అసెంబ్లీకి చేవెళ్ల, పార్లమెంటుకూ చేవెళ్లే. మొయినాబాద్ దగ్గరే. నూట యాభై ఎకరాల ఎక్స్‌పీరియం పార్కును 2025 జనవరిలో ఇక్కడే తెరిచారు కాబట్టి ఇప్పుడు పట్నంవాళ్లకు కూడా ఈ దారి తెలిసింది.

మేం నలుగురం. అందరం ఈ చుట్టుపక్కల తండాల నుంచి చదువుకుని బయటికొచ్చినవాళ్లమే. ఇద్దరం బడిలో పాఠాలు చెప్తాం, ఇద్దరం ఇంకా ఉద్యోగాల పరీక్షలు రాస్తూ ఉన్నాం. జొన్నలు, కందులు పండిన చేలు ప్లాట్లు కావడం, ప్లాట్లు ఫామ్‌హౌస్‌లు కావడం మా కళ్ల ముందే జరిగింది. చేను అమ్ముకున్న మనిషే అదే చేనులో లేచిన ఫామ్‌హౌస్‌కు వాచ్‌మన్‌గా చేరిన ఇండ్లు మాలో ఉన్నాయి. మా వదినలు, చిన్నమ్మలు అక్కడ గడ్డి పీకుతారు, గిన్నెలు కడుగుతారు. అందుకే ఏ గేటు లోపలికి ఏ పార్టీ కారు పోయిందో పేపరువాళ్ల కంటే ముందు మా తండాలకే తెలుస్తుంది. తెలిసినా చెప్పరు. నెల జీతం పోతుంది కదా.

2022 అక్టోబర్ 26 రాత్రి మాత్రం మొయినాబాద్ దగ్గరి ఒక ఫామ్‌హౌస్ సంగతి దేశమంతా తెలిసింది. అప్పటి టీఆర్‌ఎస్ ఎమ్మెల్యేలు నలుగురు అక్కడ ఉన్నారు. తాండూరు రోహిత్ రెడ్డి, అచ్చంపేట గువ్వల బాలరాజు, కొల్లాపూర్ హర్షవర్ధన్ రెడ్డి, పినపాక రేగా కాంతారావు. పార్టీ మారితే ఒకరికి వంద కోట్లు, మిగతావాళ్లకు యాభై కోట్ల చొప్పున ఇస్తామని బేరం పెట్టారని ఫిర్యాదు. ముగ్గురిని అరెస్టు చేశారు. మాకు ఏ సంబంధమూ లేదని బీజేపీ చెప్పింది. రాష్ట్ర ప్రభుత్వం సిట్ వేసింది, డిసెంబరులో హైకోర్టు ఆ కేసును సీబీఐకి ఇమ్మంది. అందులో నిజమెంత అనేది కోర్టులు తేల్చవలసిన మాట, దాని జోలికి మేం పోవడం లేదు.

మేం చూసింది వేరు. ఆ రోజుల్లో టీవీల్లో ప్రజాస్వామ్యం గురించి చాలా మాటలు విన్నాం. ఎమ్మెల్యేలను అంగట్లో పశువుల్లా కొంటారా అని కోపంతో ఊగిపోయినవాళ్లను చూశాం. ఆ నలుగురిలో ముగ్గురు 2018లో కాంగ్రెస్ గుర్తు మీద గెలిచి 2019లో టీఆర్‌ఎస్‌లోకి వచ్చినవాళ్లే. ఆ ఏడాది జూన్‌లో పన్నెండు మంది కాంగ్రెస్ ఎమ్మెల్యేలు ఒక్కసారే కలిసిపోతే దానికి విలీనం అని పేరు పెట్టారు. మా పార్టీలోకి వస్తే విలీనం, మా పార్టీ నుంచి పోతే కొనుగోలు. 2023 ఎన్నికల్లో ఆ నలుగురూ ఓడిపోయారు. వాళ్లలో ఒకరైన బాలరాజు గారు 2025 ఆగస్టులో అదే బీజేపీలో చేరారు.

మన చేవెళ్ల కూడా తక్కువ తినలేదు. 2014లో కాంగ్రెస్ నుంచి గెలిచిన కాలె యాదయ్య గారు టీఆర్‌ఎస్‌లోకి వెళ్లారు. 2023లో బీఆర్‌ఎస్ నుంచి 268 ఓట్ల తేడాతో గెలిచారు. 2024 జూన్‌లో మళ్లీ కాంగ్రెస్‌కు వచ్చారు. 268 ఓట్లంటే ఎంత? మా తండాలు ఒక రెండు కలిస్తే చాలు. అటు వేసినవాళ్లూ ఇటు వేసినవాళ్లూ చివరికి ఒకే కండువా కింద తేలారు. పైసలు చేతులు మారాయని మేం అనడం లేదు, ఆ మాట అనడానికి మా దగ్గర ఏ ఆధారమూ లేదు. ఓటు వేసిన మనిషి విలువ ఎన్ని నెలలు నిలిచిందో మాత్రం చూస్తున్నాం.

వంద కోట్ల మాట వినబడినప్పుడు మా తండాలో ఒక ముసలి తాత అడిగిన ప్రశ్న ఇప్పటికీ గుర్తుంది. "బేటా, అన్ని పైసలు వాళ్లకు ఎవరిస్తరు? ఊరికెనే ఇయ్యరు కద" అన్నాడు. టీవీలో అంతమంది విశ్లేషకులు కూర్చున్నారు, ఈ ప్రశ్న అడిగినవాళ్లు తక్కువ.

చట్టం ప్రకారం అసెంబ్లీకి పోటీ చేసే అభ్యర్థి 40 లక్షల కంటే ఎక్కువ ఖర్చు పెట్టకూడదు. లోక్‌సభకైతే 95 లక్షలు. 2022 జనవరి నుంచి ఈ పరిమితి ఉంది. మన చేవెళ్ల నుంచి 2024లో గెలిచిన ఎంపీ కొండా విశ్వేశ్వర్ రెడ్డి గారు అఫిడవిట్‌లో రాసుకున్న ఆస్తి సుమారు 4,568 కోట్లు. ఆయనకూ 95 లక్షలే, ఆయన మీద నిలబడిన కూలిమనిషికీ 95 లక్షలే. కాగితం మీద ఇది సమానత్వం లాగే కనబడుతుంది. పోటీ చేసే ఎస్టీ, ఎస్సీ అభ్యర్థులకు డిపాజిట్‌లో సగం తగ్గింపు కూడా ఇచ్చారు, అసెంబ్లీకి ఐదు వేలు, పార్లమెంటుకు పన్నెండున్నర వేలు. పిల్లలకు పౌరశాస్త్రంలో ఇంతవరకే చెప్తాం.

చెప్పనిది ఏమిటంటే, ఈ పరిమితి అభ్యర్థికే, పార్టీకి కాదు. పార్టీ ఎన్ని వందల కోట్లయినా ఖర్చు పెట్టుకోవచ్చు. ఫలానా అభ్యర్థి పేరు ఎత్తకుండా పార్టీ గుర్తుకు ప్రచారం చేస్తే అది అతని లెక్కలో పడదు. నలభై మంది స్టార్ క్యాంపెయినర్లు హెలికాప్టర్లలో తిరిగిన ఖర్చూ పడదు. ఇంకొకటి, నామినేషన్ వేసిన రోజు నుంచి ఫలితం వచ్చిన రోజు వరకు పెట్టిందే లెక్క. అంతకుముందు నెల పెట్టింది లెక్కే కాదు.

ఈ సందు తనంతట తాను ఏర్పడలేదు, తెలిసి తెరిచారు. 1971లో ఢిల్లీ సదర్ స్థానం నుంచి గెలిచిన అమర్‌నాథ్ చావ్లా మీద ఓడిన కన్వర్‌లాల్ గుప్తా కేసు వేశాడు. 1974 అక్టోబరులో సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. పార్టీయో, మిత్రులో అభ్యర్థి కోసం ఖర్చు పెడితే, అతను దానిని వాడుకుంటే, అది కూడా అతని ఖర్చే అని. మామూలు మనిషికి కూడా న్యాయంగా తోచే మాట. తీర్పు వచ్చిన అదే నెలలో ఇందిరా గాంధీ ప్రభుత్వం ఆర్డినెన్స్ తెచ్చింది. ప్రజాప్రాతినిధ్య చట్టం 77వ సెక్షన్ కింద ఒక వివరణ చేర్చారు. పార్టీ పెట్టిన ఖర్చు, ఏదైనా సంఘం పెట్టిన ఖర్చు, ఏ మిత్రుడో పెట్టిన ఖర్చు అభ్యర్థి ఖర్చు కాదు. అంతే, కోర్టు మూసిన తలుపు తెరుచుకుంది. సంఘాలకు, మిత్రులకు ఇచ్చిన మినహాయింపును 2003లో తీసేశారు. పార్టీకి ఇచ్చింది మాత్రం అట్లాగే ఉంది.

చట్టంలో మినహాయింపు పోయినా ఊళ్లో మిత్రులు పోలేదు. చూసినవాళ్లం కాబట్టి చెప్తున్నాం. ఎన్నికలకు ఏడాది ముందు ఒక ఫౌండేషన్ పుడుతుంది. ఎవరో ఒక నాయకుడి తండ్రి పేరో, తల్లి పేరో ఉంటుంది. తండా పిలగాళ్లకు క్రికెట్ కిట్టు వస్తుంది, టీషర్టు వెనకాల ఫొటో ఉంటుంది. ఆడవాళ్లకు చీర, గోడకు గడియారం. కంటి పరీక్షల క్యాంపు పెడతారు, అద్దాల డబ్బా మీద కూడా ఫొటోనే. తీజ్ పండుగకు డీజే. మాకు వచ్చిన కిట్టుతో మేం బాగానే ఆడుకున్నాం, బ్యాటు మంచిదే. ఫలితాలు వచ్చిన నెలకు ఆ ఫౌండేషన్ బోర్డు ఉన్న షట్టర్‌లో చికెన్ సెంటర్ పెట్టారు. ఆ కిట్ల పైసలు ఏ వెంచర్ నుంచి వచ్చాయో, ఆ వెంచర్‌కు దారి ఏ శిఖం భూమి మీద నుంచి పడిందో అడిగే కాలమ్ ఏ ఫారంలోనూ లేదు.

ఇప్పుడైతే ఫౌండేషన్ కూడా పాతబడింది. ఫోన్‌లో పేజీలు వచ్చాయి. ఫలానా యువసేన, ఫలానా గొంతుక, ఫలానా నిజం అని పేర్లు. ఒకడిని రోజూ తిడతాయి, ఇంకొకడిని రోజూ పొగుడుతాయి. వీడియో కింద స్పాన్సర్డ్ అని చిన్న అక్షరాలు. పార్టీ మాకు సంబంధం లేదంటుంది, అభ్యర్థి నా అభిమానులు అంటాడు.

ఇటువంటి బయటి ఖర్చు గురించి మన చట్టంలో ఒక పాత సెక్షన్ ఉండేది. ఐపీసీ 171 హెచ్. అభ్యర్థి రాతపూర్వక అనుమతి లేకుండా అతని గెలుపు కోసం ఎవరైనా సభకో, ప్రకటనకో ఖర్చు పెడితే నేరం. శిక్ష ఏమిటి? ఐదు వందల రూపాయల వరకు జరిమానా. పది రూపాయలలోపు ఖర్చయి, పది రోజుల్లో అనుమతి తెచ్చుకుంటే నేరం కాదని మినహాయింపు కూడా రాసి పెట్టారు. 1920 నాటి సెక్షన్ అది, పది రూపాయలకు విలువ ఉన్న కాలం. కొత్త న్యాయ సంహితలో జరిమానా పది వేలు చేశారు. ఒక డీజే అద్దె కూడా అంతకంటే ఎక్కువే.

అమెరికాలో ఇదే పనికి సూపర్ ప్యాక్ అని పేరు. 2010లో సిటిజన్స్ యునైటెడ్ కేసులో అక్కడి సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు తర్వాత, అభ్యర్థితో కలిసి మాట్లాడుకోకుండా ఖర్చు పెడితే ఎంతైనా పెట్టవచ్చు అన్నట్టయింది. ఒబామా ఆ తీర్పును జడ్జీలు ఎదురుగా కూర్చుని ఉండగానే విమర్శించాడు. రెండేళ్లు తిరిగేసరికి, 2012 ఎన్నికల ముందు, తన కోసం పెట్టిన సూపర్ ప్యాక్‌కు డబ్బులివ్వండని ఆయన మనుషులే చెప్పారు. ఎదుటివాడు వాడుతుంటే మేం ఊరుకుంటామా అన్నది వాళ్ల సమాధానం. ఇదే మాట మా సర్పంచ్ ఎన్నికల్లో కూడా విన్నాం, తెలుగులో.

ఇక బాండ్ల సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే మన బడుల్లో చదివే పిల్లలకు ఇది పాఠం కాలేదు.

2017 బడ్జెట్‌లో అరుణ్ జైట్లీ ఎలక్టోరల్ బాండ్లను ప్రకటించారు. 2018 జనవరి 2న పథకం నోటిఫై అయింది. స్టేట్ బ్యాంకుకు పోయి వెయ్యి నుంచి కోటి రూపాయల వరకు బాండ్లు కొనవచ్చు, నచ్చిన పార్టీకి ఇవ్వవచ్చు, పార్టీ పదిహేను రోజుల్లో మార్చుకోవాలి. ఎవరు ఇచ్చారో జనానికి చెప్పనవసరం లేదు. నల్లధనాన్ని తరిమేయడానికే ఇదంతా అన్నారు. దాంతోపాటే కంపెనీల చట్టంలో ఉన్న కట్టడి ఎత్తేశారు. అంతకుముందు కంపెనీ తన మూడేళ్ల సగటు లాభంలో ఏడున్నర శాతం దాటి పార్టీలకు ఇవ్వకూడదు. ఇక నష్టాల్లో ఉన్న కంపెనీ కూడా ఎంతైనా ఇవ్వవచ్చు. లాభం లేనివాడు కోట్లు ఎక్కడ నుంచి తెస్తాడని తండాలో అప్పు రాసే షావుకారైనా అడుగుతాడు.

రహస్యం కూడా అందరికీ సమానం కాదు. 2018లోనే పూనమ్ అగర్వాల్ అనే జర్నలిస్టు వెయ్యి రూపాయల బాండ్లు కొని ల్యాబ్‌లో పరీక్ష చేయించారు. మామూలు కంటికి కనబడని నంబరు ఒకటి అల్ట్రావయొలెట్ వెలుగులో బయటపడింది. ప్రభుత్వ బ్యాంకు దగ్గర గుర్తు ఉంది, ఓటరు దగ్గర లేదు. 2023లో ఈ కేసు రాజ్యాంగ ధర్మాసనం ముందుకు వచ్చినప్పుడు, పార్టీల నిధులు ఎక్కడి నుంచి వస్తాయో తెలుసుకునే హక్కు పౌరులకు లేదన్నట్టుగా అటార్నీ జనరల్ వాదించారు. మన కులం సర్టిఫికెట్ కోసం తాత పుట్టిన ఊరు దాకా అడిగే రాజ్యం ఇది.

2024 ఫిబ్రవరి 15న ఐదుగురు న్యాయమూర్తులు ఏకగ్రీవంగా ఆ పథకాన్ని కొట్టేశారు. ఆ తారీఖు మాకు మరచిపోయే తారీఖు కాదు. సంత్ సేవాలాల్ మహారాజ్ జయంతి. ప్రతి తండాలో భోగ్ భండారో ఉంటుంది. బెల్లం, నెయ్యి, అన్నం అగ్నికి సమర్పిస్తాం. దానికి పది రోజుల ముందు నుంచే చందా పుస్తకం తిరుగుతుంది. ఎవరింట్లో ఎంత రాశారో అందరికీ తెలుసు. నాయక్ ఇల్లయినా, పెళ్లాన్ని పోగొట్టుకుని ఒంటరిగా ఉన్న ముసలాయన ఇల్లయినా, పేరు ఉంటుంది, పేరు పక్కన అంకె ఉంటుంది. యాభై రాసి ముప్పై ఇచ్చినవాడి పేరు పక్కన ఇరవై బాకీ అని కూడా రాస్తారు. పండుగ తెల్లారి అందరినీ కూర్చోబెట్టి గట్టిగా చదువుతారు. మేకకు ఎంత, బెల్లానికి ఎంత, డప్పులవాళ్లకు ఎంత, మిగిలింది ఎంత, అది ఎవరి దగ్గర ఉంది. మేం చిన్నప్పుడు ఈ చదవడం ఎప్పుడు అయిపోతుందా అని విసుక్కునేవాళ్లం, ప్రసాదం దాని తర్వాతే పెడతారు కాబట్టి. ఈ లెక్క చెప్పమని ఏ కోర్టూ మా తండాకు చెప్పలేదు. అక్షరం రాని మా ముత్తాతల కాలంలో నోటి లెక్క ఉండేదట.

దేశం చందా పుస్తకం చదివించడానికి మాత్రం సుప్రీంకోర్టు వరకు పోవలసి వచ్చింది. ఏడీఆర్, కామన్ కాజ్, సీపీఎం, జయా ఠాకూర్ వేసిన కేసులవి. తీర్పు వచ్చాక కూడా స్టేట్ బ్యాంకు జూన్ 30 వరకు గడువు అడిగింది. అప్పటికి ఎన్నికలు అయిపోతాయి. కోర్టు మార్చి 11న కుదరదంటే, మర్నాటికే వివరాలు వచ్చేశాయి. నాలుగు నెలల పని ఒక్క రాత్రిలో ఎలా అయిందో!

2019 ఏప్రిల్ 12 నుంచి ఉన్న లెక్కలో బీజేపీ మార్చుకున్నది సుమారు 6,060 కోట్లు. తృణమూల్ 1,609 కోట్లు. కాంగ్రెస్ 1,421 కోట్లు. నాలుగో స్థానం మన బీఆర్‌ఎస్‌ది, 1,214 కోట్లు. వైఎస్సార్సీపీకి 337, టీడీపీకి 218 కోట్లు. కొన్నవాళ్లలో మొదటి స్థానం లాటరీల ఫ్యూచర్ గేమింగ్ కంపెనీది, 1,368 కోట్లు. రెండోది మన హైదరాబాద్ మేఘా ఇంజినీరింగ్, 966 కోట్లు. మేఘా బాండ్లు బీజేపీకీ పోయాయి, బీఆర్‌ఎస్‌కూ పోయాయి, డీఎంకే, వైఎస్సార్సీపీ, టీడీపీ, కాంగ్రెస్ ఎవరినీ నొప్పించలేదు. మైకుల దగ్గర ఒకరినొకరు తిట్టుకున్న పార్టీలు ఒకే బ్యాంకు కౌంటర్ దగ్గర ఒకే కంపెనీ కాగితాలు మార్చుకున్నాయి. కవర్ ఇస్తే ఇటు పార్టీదీ, అటు పార్టీదీ తీసుకుని ఓటు ఒకరికి వేసే మా తండా ఆడవాళ్లను మోసగాళ్లు అంటారే, ఆ కంపెనీలను ఏమనాలి?

బాండ్లను దోపిడీ రాకెట్ అని రాహుల్ గాంధీ అన్నారు, ఆయన పార్టీ 1,421 కోట్లు మార్చుకుంది. పారదర్శకత అన్న బీజేపీ పేర్లు బయటపెట్టకుండా చివరి రోజు వరకు కొట్లాడింది. మొయినాబాద్‌లో ప్రజాస్వామ్యాన్ని కాపాడామన్న పార్టీ తన నాలుగంకెల కోట్ల లెక్క గురించి జనం ముందు సభ పెట్టలేదు. సీపీఐ, సీపీఎం బాండ్లు తీసుకోలేదు, అది ఒప్పుకోవాలి. మన ఆదివాసీ పేరు చెప్పుకునే పార్టీ కూడా ఈ వరుసలో ఉంది. జార్ఖండ్ ముక్తి మోర్చా 2019-20 లెక్కల్లో బాండు ద్వారా కోటి రూపాయలు హిందాల్కో కంపెనీ ఇచ్చిందని చూపింది. పేరు చెప్పడం ఒకరకంగా మెచ్చుకోవలసిందే. హిందాల్కో అల్యూమినియం కంపెనీ. బాక్సైట్ ఎవరి కొండల కింద ఉందో మనకు ఎవరూ చెప్పనవసరం లేదు.

కొండల మాట వచ్చింది కాబట్టి నియమగిరి గురించి కూడా. ఒడిశాలో డోంగ్రియా కోందుల దేవుడి కొండ అది. వేదాంత కంపెనీ అక్కడ బాక్సైట్ తవ్వాలనుకుంది. 2013 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఈ సంగతి గ్రామసభలే తేల్చాలంది. జులై, ఆగస్టుల్లో పన్నెండు గ్రామసభలు జరిగాయి. పన్నెండూ వద్దన్నాయి. జడ్జి ముందు, పోలీసుల ముందు ఒక్కొక్క మనిషి లేచి తన పేరు చెప్పి వద్దన్నారు. పేరు దాచుకోలేదు.

అదే వేదాంత గుంపు కంపెనీల నుంచి విరాళాలు తీసుకుని కాంగ్రెస్, బీజేపీ రెండూ విదేశీ విరాళాల చట్టాన్ని ఉల్లంఘించాయని 2014 మార్చి 28న ఢిల్లీ హైకోర్టు తీర్పు ఇచ్చింది. చర్య తీసుకోమంది. రెండు పార్టీలూ సుప్రీంకోర్టుకు పోయాయి. 2016లో బడ్జెట్ బిల్లులో చట్టాన్నే మార్చారు, వెనకటి తేదీ నుంచి, 2010 నుంచి వర్తించేటట్టు. చాలదని 2018లో ఇంకా వెనక్కి, 1976 వరకు జరిపారు. లోక్‌సభలో చర్చే లేదు. మిగతా ప్రతిదానికీ సభ ఆపేసే రెండు పార్టీలు ఆ రోజు ఎంత చక్కగా కలిసి ఉన్నాయో! పోడు పట్టా కోసం 2005 డిసెంబర్ 13 కంటే ముందు సాగులో ఉన్నట్టు రుజువు తెమ్మని మనల్ని అడుగుతారు. ఒక్క రోజు అటు ఇటు అయినా పట్టా రాదు. పార్టీలకైతే నలభై ఏళ్లు వెనక్కి జరిగిపోయింది. తర్వాత బాండ్ల లెక్క వచ్చినప్పుడు వేదాంత కొన్నవి సుమారు 400 కోట్లు.

బాండ్లు పోయాయి, సందులు పోలేదు. 2013 నుంచి ఎలక్టోరల్ ట్రస్టులు ఉన్నాయి. చాలా కంపెనీలు ఒక ట్రస్టులో పోస్తాయి, ట్రస్టు పార్టీలకు పంచుతుంది. ఇచ్చినవాళ్ల జాబితా ఉంటుంది, పుచ్చుకున్నవాళ్ల జాబితా ఉంటుంది, ఎవరిది ఎవరికి పోయిందో తేలదు. బాండ్లకంటే నయమే. చందా పుస్తకం అనడానికి మాత్రం మాకు మనసొప్పదు.

ఇక మన తండాలు. 2018లో కొత్త పంచాయతీరాజ్ చట్టం వచ్చి మన తండాలు గ్రామపంచాయతీలు అయ్యాయి. మా తండాలో మా రాజ్యం అని ఎన్నేళ్లు కొట్లాడితే వచ్చింది అది. ఐదు వేల లోపు జనాభా ఉన్న పంచాయతీలో సర్పంచ్ అభ్యర్థి ఖర్చు పరిమితి లక్షన్నర. వార్డు మెంబరుకు ముప్పై వేలు. పార్టీ గుర్తులు ఉండవు, ఉంగరం, కత్తెర లాంటివి ఉంటాయి. పార్టీ లేని ఎన్నిక కాబట్టి పార్టీ ఖర్చు అనేదే కాగితం మీద లేదు. కానీ 2025 డిసెంబర్ ఎన్నికల్లో ఏ అభ్యర్థి వెనక ఏ పార్టీ ఉందో తెలియని ఇల్లు తండాలో ఉందా? కొన్నిచోట్ల గుడి కట్టిస్తాను, ఏకగ్రీవం చేయండి అన్న మాట వినబడింది. గుడి ఖర్చు లక్షన్నరలో ఎట్లా పడుతుందో ఆ దేవుడికే తెలియాలి.

ఇక్కడే మన మీద నింద పడుతుంది. లంబాడీలు, ఆదివాసులు మందుకు, మటన్‌కు ఓట్లు అమ్ముకుంటారని పట్నంలో కూర్చుని రాసేవాళ్లు ఉన్నారు. చట్టం కూడా ఇచ్చినవాడినీ పుచ్చుకున్నవాడినీ నేరస్తులే అంటుంది, కాదనం. 2023 తెలంగాణ ఎన్నికల్లో పోలింగుకు పది రోజుల ముందుకే పట్టుకున్న నగదు, మద్యం, బంగారం, కానుకల విలువ 659 కోట్లని ఎన్నికల సంఘం చెప్పింది. పట్టుబడిందే అంత. ఆ సొమ్ము ఏ తండాలో పుట్టింది? రెండు వేల కవరు తీసుకున్న కూలిమనిషి ఫొటో పేపర్లో వస్తుంది, వేల కోట్ల కాగితాలు మార్చుకున్నవాళ్లది పార్టీ ఆడిట్ రిపోర్టులో ఒక వరుస. ఇద్దరూ చేసింది ఒకటే పని అని మేం అనం. ఒకరు ఒక రోజు కూలి పోగొట్టుకుని లైన్లో నిలబడటానికి వచ్చినవాళ్లు. ఇంకొకరు ఐదేళ్ల టెండర్ కోసం వచ్చినవాళ్లు.

అట్లాగని కవరు తీసుకుంటే తప్పేంలేదని పిల్లలకు చెప్పలేం. మా క్లాసులో ఒక అమ్మాయి అడిగింది, "సార్, మా యాడి తీసుకుంది, మా యాడి దొంగనా?" అని. కాదన్నాం. అయితే ఇచ్చినాయన దొంగనా అని అడిగింది. ఆయనకు ఎవరిచ్చారో కనుక్కుందాం అన్నాం. ఆ పిల్ల ఊరుకోలేదు, ఎట్లా కనుక్కుంటారు సార్ అంది. అక్కడి నుంచి మొదలైంది మా పని.

టీచర్లకు, తమ్ముళ్లకు, చెల్లెళ్లకు పనికొస్తుందని రాస్తున్నాం. ప్రతి కరపత్రం, పోస్టరు మీద ముద్రించినవారి పేరు, ప్రచురించినవారి పేరు ఉండాలి. 127ఏ సెక్షన్. లేకపోతే ఆరు నెలల దాకా జైలు, లేదా రెండు వేల జరిమానా, లేదా రెండూ. తండా గోడల మీది పోస్టర్లు పిల్లలతో చదివించండి, కింది మూల చిన్న అక్షరాలు ముఖ్యంగా. ఫలితం వచ్చిన ముప్పై రోజుల్లో అభ్యర్థి ఖర్చు లెక్క జిల్లా ఎన్నికల అధికారికి ఇవ్వాలి. సర్పంచ్ ఎన్నికలకైతే నలభై ఐదు రోజులు. ఇవ్వకపోతే మూడేళ్లు పోటీకి పనికిరారు. అసెంబ్లీ, పార్లమెంటు అభ్యర్థుల లెక్కను ఒక్క రూపాయి ఫీజు కట్టి ఎవరైనా చూడవచ్చు, నకలు కూడా తీసుకోవచ్చు. ఆన్‌లైన్‌లో కూడా పెడతారు, వెతికే ఓపిక ఉండాలి.

మాలో ఒకరు వేరే జిల్లాలో పనిచేస్తారు. అక్కడ పోటీ చేసిన ఒక అభ్యర్థి లెక్క తీసుకుని నలుగురం కూర్చుని చదివాం. ఏ ఎన్నిక, ఎవరు అనేది ఇక్కడ అనవసరం. ప్రతిదానికీ రేటు ఉంటుంది, చాయ్‌కి, కుర్చీకి, టెంటుకు, ఆటోకు, జిల్లా అధికారులే ముందుగా రేట్లు కడతారు. మాకు బాగా తెలిసిన ఒక తండాలో జరిగిన సభ ఆ లెక్కలో కనబడింది. తారీఖు సరిగ్గానే ఉంది. కుర్చీలు యాభై. ఆ రోజు నిలబడటానికి చోటు లేక పిలగాళ్లు చింతచెట్టు ఎక్కారు. చాయ్ వంద కప్పులు. ఆటోలు రెండు. మైకు ఒకటి. డీజే లేదు, ఆ రాత్రి తెగిన మేకలు లేవు, చీరల మూటలు దింపిన డీసీఎం లేదు. ఆ అమ్మాయి లెక్క మొత్తం నోటుబుక్కులో ఎక్కించుకుంది. పక్కన ఇంకో గీత గీసి, తండా వాళ్లను అడిగి రాస్తానంటోంది. మేకలు ఎన్నో మొదట కనుక్కుంటుందట, ఎముకలు ఊడ్చింది వాళ్ల చిన్నమ్మే కాబట్టి.